150 బిట్లలో 72 కరెక్ట్.. వచ్చింది మాత్రం 38 శాతమే! పోటీ పరీక్షల్లో శాతం లెక్క ఎలా వేస్తారు?

మీది పెంటపాడు అనుకుందాం. 150 బిట్ల పరీక్ష రాసి ఇంటికొచ్చారు. సాయంత్రానికి ఫోన్‌లో కీ వచ్చేసింది. ఒక్కో బిట్ సరిచూసుకుంటే 72 ఒప్పులు, 60 తప్పులు తేలాయి. 18 బిట్లు వదిలేశారు.

'72 కరెక్ట్ అంటే దాదాపు సగం వచ్చినట్టే కదా, కటాఫ్ 40 శాతమే కదా' అని ఊపిరి పీల్చుకుంటారు. ఇంట్లో వాళ్లకీ అదే చెప్తారు. తీరా ఫలితాల రోజున మీ పేరు పక్కన 38 శాతం అని ఉంటుంది. ఓసీ కోటాలో ఉంటే అర్హత లేనట్టే.

దిద్దినవాళ్ల పొరపాటు ఏమీ లేదు, కీ కూడా మారలేదు. మీరు వేసుకున్న శాతం వేరు, బోర్డు వేసే శాతం వేరు. ఏటా చాలామంది అభ్యర్థులు తడబడేది ఇక్కడే. ఆ తేడా ఏంటో, ఏ పరీక్షకు ఏ లెక్క వర్తిస్తుందో చూద్దాం.

ఒకే జవాబు పత్రం.. మూడు శాతాలు

పైన చెప్పిన 72 ఒప్పులు, 60 తప్పులు, 18 ఖాళీలనే తీసుకోండి. దీన్నుంచి మూడు రకాల శాతాలు వస్తాయి.

మొదటిది, మొత్తం బిట్లలో ఎన్ని ఒప్పులు అన్నది. 72ను 150తో భాగించి 100తో గుణిస్తే 48 శాతం.

రెండోది, మీరు రాసిన వాటిలో ఎన్ని ఒప్పులు అన్నది. వదిలేసిన 18 పోగా మీరు జవాబు పెట్టినవి 132. అందులో 72 అంటే 54.5 శాతం. మాక్ టెస్ట్ యాప్‌లు 'యాక్యురసీ' అని చూపించేది ఇదే. అంకె పెద్దగా ఉంటుంది కాబట్టి చూడ్డానికి బాగుంటుంది.

మూడోది, తప్పులకు కోత వేశాక మిగిలిన మార్కుల శాతం. తప్పుకు పావు మార్కు కోత ఉంటే 60 తప్పులకు 15 మార్కులు పోతాయి. 72లోంచి 15 తీస్తే 57. దాన్ని 150తో భాగిస్తే 38 శాతం.

కటాఫ్‌కు, మెరిట్ లిస్టుకు పనికొచ్చేది ఈ మూడోది ఒక్కటే. మిగతా రెండూ మీ ప్రిపరేషన్ ఎలా ఉందో చూసుకోవడానికి పనికొస్తాయే తప్ప, ఉద్యోగం వస్తుందో రాదో చెప్పవు.

సూత్రం ఒక్క ముక్కలో చెప్పాలంటే ఇదీ:

శాతం = (ఒప్పుల మార్కులు – తప్పుల కోత) ÷ మొత్తం మార్కులు × 100

ఇక్కడ 'మొత్తం' అంటే పేపర్ మొత్తం మార్కులు. మీరు రాసిన బిట్లు కాదు. వదిలేసిన బిట్‌కు కోత ఉండదు కానీ, కింద భాగించే అంకెలో అది ఉంటుంది.

2019 సచివాలయ పరీక్షల్లో ఏం జరిగింది?

ఇదేమీ ఊహాజనితమైన లెక్క కాదు. 2019 సెప్టెంబర్ 1 నుంచి 8 వరకు జరిగిన గ్రామ, వార్డు సచివాలయ పరీక్షల్లో ఇదే పద్ధతి. దాదాపు 1.26 లక్షల పోస్టులకు 20 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. పేపర్ 150 మార్కులకు. తప్పు జవాబుకు పావు మార్కు కోత. కనీస అర్హత ఓసీలకు 40, బీసీలకు 35, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 30 శాతం.

శాతాల్ని మార్కుల్లోకి మార్చి చూడండి. 150లో 40 శాతం అంటే 60 మార్కులు. 35 శాతం అంటే 52.5. 30 శాతం అంటే 45. మనం చెప్పుకున్న 57 మార్కులు బీసీ గీత దాటాయి, ఓసీ గీతకు మూడు మార్కుల దూరంలో ఆగిపోయాయి.

అప్పట్లో పెంటపాడు మండలం ఏలూరు కేంద్రంగా ఉన్న పాత పశ్చిమ గోదావరి జిల్లాలో ఉండేది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక భీమవరం జిల్లా కేంద్రమైంది. సచివాలయ పోస్టుల్లో చాలావాటికి జిల్లానే యూనిట్. అంటే పెంటపాడు అభ్యర్థి పోటీపడింది ఏలూరు, కొల్లేటి లంకలు, తాడేపల్లిగూడెం, నరసాపురం అభ్యర్థులందరితోనూ. అలాంటి చోట కనీస అర్హత శాతం దాటడం గేటు దాటడం లాంటిదే. లోపల సీటు దొరకాలంటే మెరిట్ వరుసలో ముందుండాలి. ఆ వరుసలో పావు మార్కు కూడా లెక్కలోకి వస్తుంది.

ఇప్పుడు మీ ఊరి సచివాలయంలో పింఛను, ధ్రువపత్రాల పని చూస్తున్న సిబ్బందిలో ఆ పరీక్ష రాసి వచ్చినవాళ్లు ఎందరో ఉన్నారు. వాళ్లనే అడిగి చూడండి, పావు మార్కు విలువ వాళ్లకు బాగా తెలుసు.

తప్పు ఎన్ని ఒప్పుల్ని మింగుతుంది?

నెగటివ్ మార్కుల్ని గుర్తుపెట్టుకోవడానికి ఒక తేలిక మార్గం ఉంది. పావు కోత అంటే నాలుగు తప్పులు ఒక ఒప్పును మింగేస్తాయి. మూడో వంతు కోత అంటే మూడు తప్పులు ఒక ఒప్పును మింగేస్తాయి.

ఏపీపీఎస్సీ పరీక్షల్లో ఉండేది మూడో వంతు కోత. 2024 ఫిబ్రవరి 25న జరిగిన గ్రూప్-2 స్క్రీనింగ్ టెస్ట్ కూడా 150 మార్కులకే. మన ఉదాహరణనే అక్కడ పెడితే 60 తప్పులకు 20 మార్కులు పోతాయి. మిగిలేది 52, అంటే 34.67 శాతం. జవాబులు అవే, పేపర్ సైజూ అదే. కోత మారినందుకే మూడు శాతానికి పైగా పడిపోయింది.

రైల్వే బోర్డు పరీక్షల్లోనూ మూడో వంతు కోతే. ఎస్‌ఎస్‌సీ సీజీఎల్ టైర్-1లో 100 బిట్లకు 200 మార్కులు, తప్పుకు అర మార్కు కోత. 'అర మార్కు' అనగానే ఎక్కువ అనిపిస్తుంది. కానీ అక్కడ ఒప్పుకు రెండు మార్కులు. కాబట్టి అదీ పావు వంతే. జేఈఈ మెయిన్, నీట్‌లలో ఒప్పుకు 4, తప్పుకు మైనస్ 1. ఇదీ పావు వంతే. కోత ఎంతో ఒక్కటే చూడకండి. ఒప్పుకు వచ్చే మార్కుతో పోల్చి చూడండి.

తెలియని బిట్లు వదిలేయాలా? పెట్టేయాలా?

అందరికీ కావాల్సింది ఈ జవాబే. ముందు మన ఉదాహరణలో ఆ 60 తప్పుల్లో 20 వదిలేసి ఉంటే ఏమయ్యేదో చూడండి. తప్పులు 40, కోత 10. మార్కులు 62, శాతం 41.33. ఓసీ గీత దాటేవారే.

అయితే తెలియనివన్నీ వదిలేయాలని దీని అర్థమా? కాదు. ఏది తప్పవుతుందో పరీక్ష హాల్లో ఎవరికీ తెలియదు. కాబట్టి సగటున ఏం జరుగుతుందో చూడాలి. నాలుగు ఆప్షన్లున్న 24 బిట్లు మీకు సందేహంగా ఉన్నాయనుకుందాం.

మొదటి పరిస్థితి: అసలేమీ తెలియదు. గుడ్డిగా పెట్టారు. సగటున నాలుగింట ఒకటి తగులుతుంది. అంటే 6 ఒప్పులు, 18 తప్పులు. పావు కోతలో 4.5 పోయి 1.5 మార్కులు మిగులుతాయి. మూడో వంతు కోతలో 6 వచ్చి 6 పోతాయి. మిగిలేది సున్నా.

రెండో పరిస్థితి: ఒక ఆప్షన్ కచ్చితంగా కాదని తెలుసు. మిగిలిన మూడింట్లో ఒకటి పెట్టారు. సగటున 8 ఒప్పులు, 16 తప్పులు. పావు కోతలో 4 మార్కుల లాభం. మూడో వంతు కోతలో 2.67.

మూడో పరిస్థితి: రెండు ఆప్షన్లు కొట్టేశారు. 12 ఒప్పులు, 12 తప్పులు. పావు కోతలో 9 మార్కులు, మూడో వంతు కోతలో 8 మార్కులు కలుస్తాయి.

దీన్నిబట్టి ఒక విషయం స్పష్టం. ఒక్క ఆప్షన్‌నైనా నమ్మకంగా కొట్టేయగలిగితే బిట్ పెట్టడమే లాభం. ఏమీ తెలియనప్పుడు మాత్రం మూడో వంతు కోత ఉన్న పేపర్‌లో గుడ్డిగా పెట్టడం వల్ల సగటున ఒరిగేదేమీ లేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. సగటు అంటే అందరికీ అలాగే వస్తుందని కాదు. ఆ 24లో ఆరు కాకుండా మూడే తగిలాయనుకోండి. తప్పులు 21. పావు కోతలో 2.25 మార్కులు చేతి నుంచి పోతాయి. మూడో వంతు కోతలో అయితే ఏకంగా 4 మార్కులు. గీతకు అటూ ఇటూగా ఉన్నవాళ్లకు ఇది చిన్న నష్టం కాదు. కాబట్టి గట్టిగా తెలిసిన బిట్లతోనే కటాఫ్ దాటేశామని నమ్మకం ఉంటే గుడ్డిగా పెట్టి చేతిలో ఉన్నది పోగొట్టుకోకండి.

కోత లేని పరీక్షల్లో ఖాళీ వదలొద్దు

అన్ని పరీక్షల్లోనూ నెగటివ్ మార్కులు ఉండవు. ఏపీ ఈఏపీసెట్ ఇంజినీరింగ్ పేపర్‌లో 160 బిట్లు, 160 మార్కులు. కోత లేదు. ర్యాంకుకు అర్హత రావాలంటే 25 శాతం, అంటే 40 మార్కులు చాలు. ఎస్సీ, ఎస్టీలకు ఆ నిబంధన కూడా లేదు.

ఏపీ టెట్ కూడా అంతే. 150 బిట్లు, 150 మార్కులు, కోత లేదు. అర్హత ఓసీలకు 60 శాతం అంటే 90 మార్కులు, బీసీలకు 50 శాతం అంటే 75, ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం అంటే 60.

ఇలాంటి పేపర్‌లో ఖాళీ వదిలిన ప్రతి బిట్ చేజేతులా వదులుకున్న అవకాశమే. చివరి ఐదు నిమిషాలు మిగిలిన బిట్లన్నిటికీ ఏదో ఒకటి పెట్టడానికి ఉంచుకోండి. గ్రూప్-2కి చదువుతూ మధ్యలో టెట్ రాసేవాళ్లు ఇక్కడే పొరబడతారు. అక్కడ అలవాటైన 'తెలియకపోతే వదిలెయ్' సూత్రాన్ని ఇక్కడా పాటిస్తే నష్టం మీకే.

శాతంలో శాతం: టెట్, డీఎస్సీ లెక్క

కొన్ని నియామకాల్లో ఒక పరీక్ష మార్కులు ఇంకో పరీక్షలో కలుస్తాయి. 16,347 టీచర్ పోస్టులతో వచ్చిన 2025 మెగా డీఎస్సీ ఇందుకు మంచి ఉదాహరణ. తుది మెరిట్‌లో డీఎస్సీకి 80, టెట్‌కు 20 వెయిటేజీ. ఎస్జీటీ పేపర్‌లో 160 బిట్లు, ఒక్కోదానికి అర మార్కు, మొత్తం 80.

టెట్‌లో మీకు 96 వచ్చాయనుకుందాం. 96ను 150తో భాగిస్తే 64 శాతం. 20లో 64 శాతం అంటే 12.8. డీఎస్సీలో 58 వస్తే మొత్తం 70.8.

ఇప్పుడు బిట్ విలువ చూడండి. టెట్‌లో ఒక బిట్ అంటే తుది మెరిట్‌లో 0.13 మార్కు. డీఎస్సీలో ఒక బిట్ అంటే 0.5 మార్కు. టెట్‌లో దాదాపు నాలుగు బిట్లు కలిస్తేనే డీఎస్సీలో ఒక బిట్‌తో సమానం. టెట్ స్కోరు పెంచుకోవడానికి మళ్లీ మళ్లీ రాయాలా, ఆ సమయాన్ని డీఎస్సీ సిలబస్‌పై పెట్టాలా అని ఊగిసలాడేవాళ్లు ముందు ఈ లెక్క వేసుకోవాలి.

ఇంకో సంగతి. ఆ డీఎస్సీ పరీక్షలు 2025 జూన్ 6 నుంచి జులై 2 వరకు పలు షిఫ్టుల్లో జరిగాయి. ఒక షిఫ్టు పేపర్ తేలిగ్గా, ఇంకోటి కష్టంగా రావచ్చు కాబట్టి మార్కుల్ని నార్మలైజ్ చేస్తారు. అంటే కీ చూసి మీరు వేసుకున్న మార్కులకూ, తుది మార్కులకూ కొంత తేడా వస్తుంది. అది మీ లెక్క తప్పు కాదు.

పర్సంటేజ్ వేరు.. పర్సంటైల్ వేరు

పెంటపాడు పక్కనే తాడేపల్లిగూడెంలో 2015లో మొదలైన ఎన్ఐటీ ఆంధ్రప్రదేశ్‌లో బీటెక్ సీటు రావాలంటే జేఈఈ మెయిన్ రాయాలి. ఆ పరీక్ష ఫలితాల్లో ఇచ్చేది శాతం కాదు, పర్సంటైల్. రెండూ ఒకేలా వినపడతాయి కాబట్టి ఇళ్లలో పెద్ద గందరగోళమే జరుగుతుంది.

90 పర్సంటైల్ అంటే వందకు 90 మార్కులు వచ్చాయని కాదు. మీ షిఫ్టులో రాసినవాళ్లలో 90 శాతం మందికి మీతో సమానంగా గానీ, మీకన్నా తక్కువ గానీ వచ్చాయని అర్థం. షిఫ్టులో లక్ష మంది రాస్తే ఇంకా పది వేల మంది మీకన్నా ముందున్నట్టే. ఒక్క షిఫ్టులోనే అంతమంది!

75 ప్రశ్నలు, 300 మార్కుల ఆ పేపర్ కష్టంగా వస్తే సగం మార్కులకే మంచి పర్సంటైల్ రావచ్చు. తేలిగ్గా వస్తే అవే మార్కులు వెనక్కి నెట్టేయవచ్చు. కాబట్టి 'మా పాపకు 90 వచ్చింది' అంటే శాతమా, పర్సంటైలా అని ముందు అడగండి. పిల్లల్ని పొగడాలన్నా, మందలించాలన్నా అది తెలిశాకే.

కీపై అభ్యంతరం.. ఒక బిట్ విలువ 1.25

ప్రాథమిక కీ వచ్చాక అభ్యంతరాలకు గడువు ఇస్తారు. 'ఒక్క బిట్ కోసం ఎందుకులే' అనుకుని చాలామంది వదిలేస్తారు. లెక్క చూస్తే అలా అనరు.

మీ జవాబు తప్పని కీలో ఉంది. అభ్యంతరం పెట్టారు. తుది కీలో అది ఒప్పయింది. అప్పుడు మీకు కలిసేది ఒక మార్కు కాదు. పావు కోత ఉన్న చోట పోయిన 0.25 వెనక్కి వస్తుంది, కొత్తగా 1 వస్తుంది. మొత్తం 1.25. మూడో వంతు కోతలో అయితే 1.33. మన 57 మార్కుల అభ్యర్థికి అలాంటి బిట్లు మూడు మారితే 60.75 అవుతుంది. గీత దాటినట్టే.

ప్రశ్నే తప్పని తేలి తొలగిస్తే ఏం చేస్తారు? ఇందుకు రెండు పద్ధతులున్నాయి. అందరికీ ఆ మార్కు కలపడం ఒకటి. ఆ ప్రశ్నను తీసేసి మిగిలిన వాటికే శాతం కట్టడం రెండోది. మన ఉదాహరణలో వదిలేసిన 18లో మూడు బిట్లు తొలగించారనుకుందాం. మార్కులు కలిపితే 57 కాస్తా 60 అవుతుంది, సరిగ్గా 40 శాతం. తీసేసి లెక్కిస్తే 57ను 147తో భాగించాలి, వచ్చేది 38.78 శాతం. ఒక పద్ధతిలో అర్హత ఉంది, ఇంకో పద్ధతిలో లేదు. మీ పరీక్షకు ఏది వర్తిస్తుందో నోటిఫికేషన్‌లోనో, తుది కీతో పాటు ఇచ్చే ప్రకటనలోనో చూసుకోవాల్సిందే.

అలాగే 39.67 శాతాన్ని 40 చేసేస్తారని అనుకోకండి. రౌండ్ చేస్తామని నిబంధనల్లో రాసి ఉంటే తప్ప దాన్ని 39.67గానే లెక్కేసుకోండి.

క్యాలిక్యులేటర్‌తో జాగ్రత్త

ఇది చిన్న విషయమే అయినా చాలామందిని కంగారు పెడుతుంది. 72 – 60 ÷ 4 అని స్మార్ట్‌ఫోన్‌లో కొడితే 57 చూపిస్తుంది. అదే కొట్టులో వాడే చిన్న క్యాలిక్యులేటర్‌లో వరుసగా కొడితే 3 చూపిస్తుంది. అది ముందు 72లోంచి 60 తీసేసి, వచ్చిన 12ను 4తో భాగిస్తుంది మరి. ముందు తప్పుల్ని 4తో (లేదా 3తో) భాగించి కాగితం మీద రాసుకోండి. ఆ తర్వాతే ఒప్పుల్లోంచి తీసేయండి.

నోటిఫికేషన్‌లో ఈ ఐదూ చూడండి

పుస్తకం తెరవక ముందే ఈ ఐదు జవాబులు ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి.

1. ఎన్ని బిట్లు, ఎన్ని మార్కులు? ఒక్కో బిట్‌కు ఒకటా, అరా, రెండా?
2. తప్పుకు కోత ఉందా? ఉంటే ఒప్పు మార్కులో ఎన్నో వంతు?
3. మీ కేటగిరీకి కనీస అర్హత ఎంత శాతం? మార్కుల్లో అది ఎంత?
4. ఒకటే పేపరా, పలు షిఫ్టులా? నార్మలైజేషన్, వెయిటేజీ ఉన్నాయా?
5. కీపై అభ్యంతరాలకు ఎన్ని రోజుల గడువు? ప్రశ్న తొలగిస్తే లెక్క ఎలా?

మాక్ టెస్ట్ రాసిన ప్రతిసారీ యాప్ చూపించే అంకెతో ఆగకుండా, ఈ కాగితం ప్రకారం మీ శాతం మీరే కట్టుకోండి. పది టెస్టులు అలా చేస్తే మీరు ఎన్ని బిట్లు తెలిసి పెడుతున్నారో, ఎన్ని ఊహించి పెడుతున్నారో మీకే అర్థమవుతుంది.

మొదట చెప్పిన 72 ఒప్పుల అభ్యర్థికి తెలివి తక్కువై కాదు, చదువు తక్కువై కాదు. కటాఫ్‌కు మూడు మార్కులు తగ్గాయి. ఆ మూడు మార్కులు ఆయన 60 తప్పుల్లోనే ఉన్నాయి. వాటిలో 12 వదిలేసి ఉంటే సరిగ్గా 60 వచ్చేవి. ఈ లెక్క ఫలితాల రోజున తెలిస్తే మిగిలేది బాధే. హాల్లోకి వెళ్లే ముందే తెలిస్తే ఎక్కడ ఆగాలో తెలుస్తుంది.